తొలితూకం

తమ్ముడు కొట్టిన దెబ్బకు స్వరూప పెదవి చిట్లి నోటి నిండా రక్తం ఊరింది. ఆమె చేసిన నేరమల్లా గోడ మీది ఫ్యాను స్విచ్చు కోసం చెయ్యి పైకెత్తడం. ఎత్తిన చెయ్యి ఇంకా దిగనే లేదు, ఓదెలు మంచం మీద నుంచి లేచి పిడికిలితో మొహం మీద గుద్దాడు. గుద్ది ఊరుకోలేదు, వెనక్కి తిరిగి తన నుదుటిని తానే గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, గడ్డం పెరిగినవాడు, నోట్లో నాలుగు మాటలు తప్ప లేనివాడు. ఆయమ్మ, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి చేతులు వెనక్కి విరిచి పట్టుకునేసరికి తెల్లటి సున్నం గోడ మీద ఎర్రగా మరక పడింది.

ఆ గలాటాలో స్వరూప చూపు తమ్ముడి ముంజేతి మీద పడింది. తాను తయారుచేసిన పట్టీ అక్కడ ఆకుపచ్చగా వెలుగుతోంది. దాని మీద ఒక అంకె: ఎనభై ఒకటి.

తల పగిలేలా కొట్టుకుంటున్న మనిషికి నూటికి ఎనభై ఒక్క మార్కులు. పరీక్ష రాసినవాడు పెన్ను విరగ్గొట్టి ఏడుస్తుంటే, దిద్దిన పంతులు ఫస్టు క్లాసు వేసినట్టుంది వ్యవహారం.

"ఏం కాదు మేడం, గిట్ల అప్పుడప్పుడు అయితది. పట్టీ చూడుండ్రి, పచ్చగనే ఉన్నది గదా" అన్నాడు రాజలింగం. అతను ఆ నిలయానికి నిర్వాహకుడు. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. స్వరూపకు తడిగుడ్డ అందించి, పెదవికి పసుపు పెట్టమని ఆయమ్మను పురమాయించాడు కూడా.

ఆ నిలయం పేరు పచ్చతోరణం. ఎదుగుదల లోపంతో పుట్టి, పెద్దవాళ్లై, చూసుకునే దిక్కు లేని ఇరవై మంది అందులో ఉంటారు. రాష్ట్రంలో ఉన్న ఇలాంటి నిలయాలన్నింటిలోనూ మొదటి స్థానం దానిదే. ఆ మాట చెప్పింది మరెవరో కాదు, స్వరూప పట్టీయే.

పట్టీ రాకముందు వీటి నాణ్యతను ఎలా కొలిచేవారో చెబితే నవ్వొస్తుంది. కారు దిగిన అధికారి గోడల సున్నం చూసేవాడు, వంటింట్లో పప్పును గరిటెతో ఒకసారి తిప్పేవాడు, ఎదురుపడిన మనిషిని "ఇక్కడ బాగున్నదా?" అని అడిగేవాడు. మాట రానివాడు నవ్వితే బాగున్నట్టు, ఏడిస్తే జబ్బు ముదిరినట్టు. పింఛను కోసం ఇంటికొచ్చే అధికారులు ఓదెలును కూడా అలాగే అడగడం స్వరూప చిన్నప్పటి నుంచీ చూసింది. అందుకే హనుమకొండలోని పరిశోధనశాలలో చేరిన రోజు నుంచి ఒక్కటే పట్టుదల పట్టింది. తమ్ముడు చెప్పలేడు, సరే; వాడి ఒళ్లు చెప్పాలి.

ఒళ్లు చెప్పింది. ముంజేతి నరాల్లో పరిగెత్తే వార్తను పట్టీ పట్టుకుంటుంది. కాలికి ముల్లు గుచ్చుకున్నా, గుండె బెదిరినా, కడుపు నిండి కన్ను మూతపడినా ఆ వార్త వెన్నుపాము ద్వారా చేతికి చేరుతుంది. అయితే ఒకడి గుండె సంతోషంలోనూ డప్పులా కొట్టుకుంటుంది, ఇంకొకడిది భయంలోనూ నింపాదిగానే నడుస్తుంది. అందరికీ ఒకే కొలబద్ద పనికిరాదు. కాబట్టి స్వరూప ఒక పద్ధతి కనిపెట్టింది. పట్టీ కట్టిన మొదటి వారంలో ఆ మనిషి ఎలా ఉన్నాడో దాని సగటును యాభైగా పెట్టుకోవాలి. అది తొలితూకం. ఆ తర్వాత అంకె యాభైకి పైకి పోతే నిలయం మంచిది, కిందికి పోతే చెడ్డది. మనిషిని మనిషితో కాదు, తనతోనే పోల్చడం. ఈ ఆలోచనకు ఎంతమంది చప్పట్లు కొట్టారో లెక్కలేదు. ప్రభుత్వం నిలయాలకు అనుమతులు ఇవ్వడం, తీసెయ్యడం ఆ అంకె మీదనే పెట్టింది.

ఇంకొక నిబంధన కూడా స్వరూపే రాసింది. మొదటి వారం ఇంటివాళ్లెవరూ కలవకూడదు. కలిస్తే ఆ సంతోషంతో తొలితూకం తప్పుతుందని.

తల్లి చనిపోయాక, రెండేళ్ల కిందట, తన అంకెను తానే నమ్మి తమ్ముణ్ని పచ్చతోరణంలో చేర్చింది.

మర్నాడు పరిశోధనశాలలో ఫయాజ్ ఆమె పెదవి చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. పట్టీ లోపలి యంత్రం చేసింది అతనే.

"ఏమైంది మేడం?"

"తమ్ముడు కొట్టిండు. కొట్టినప్పుడు పట్టీ ఎనభై ఒకటి చూపిచ్చింది ఫయాజ్."

"పట్టీ ఖరాబైందేమో."

"పట్టీ తెచ్చిన, చూడు. కొత్తది కట్టి వచ్చిన."

ఫయాజ్ దాన్ని మధ్యాహ్నం దాకా పరీక్షించాడు. దానికి ఏ రోగమూ లేదు. ఇక మిగిలింది ఒక్కటే, తొలితూకం. మొదటి వారంలో పట్టీ నమోదు చేసిన అలలు ఇక్కడి యంత్రంలో అలాగే పడి ఉన్నాయి. సగటు లెక్కగట్టి పైకి పంపడమే తప్ప, ఆ అలలను ఎవరూ తెరిచి చూసింది లేదు. వండిన మనిషే రుచి చూడకుండా ఊరందరికీ వడ్డించినట్టు.

ఫయాజ్ తెరిచాడు. తెర మీద అల పైకి లేచి, తెర అంచు తాకి, అక్కడే నిలిచిపోయింది. రోజుకోసారి అలాగే లేస్తోంది.

"మనిషి ఒళ్లు గింత ఎత్తుకు పోదు మేడం. పోతే బతకడు."

"తొడుగు తియ్యి."

"వద్దు."

"తియ్యమంటున్న."

తొడుగు వాళ్ల తొలి రోజుల పనిముట్టు. చొక్కా, చేతులకు గ్లౌజులు, కాళ్లకు మేజోళ్లు, అన్నింటి నిండా సన్నటి తీగలు. పట్టీ నమోదు చేసినదాన్ని ఇది వేరే మనిషి ఒంట్లో తిరిగి పలికిస్తుంది. ఏ అలకు ఏది అర్థమో తెలుసుకోవడానికి అప్పట్లో ఒకరి పంటినొప్పి, ఒకరి ఆకలి, ఒకరి గిలిగింత ఇద్దరూ వేసుకుని చూశారు. అంకె వచ్చాక దాని అవసరం తీరిపోయి బీరువాలో పడింది. అందులో నొప్పి ఉంటుంది గాని గాయం ఉండదు.

స్వరూప వేసుకుంది. ఫయాజ్ రెండో రోజు మధ్యాహ్నాన్ని పెట్టాడు.

మొదట కడుపు నిండిన హాయి. తమ్ముడు అన్నం తిన్నాడు. తర్వాత మణికట్ల చుట్టూ బిగుసుకున్న కట్లు. ఆ తర్వాత అరికాళ్ల మీద మంట ఒక గీతలా పడింది. స్వరూపకు అది ఏమిటో అర్థమయ్యేలోపు రెండోది పడింది. మూడోదానికి ఆమె కుర్చీలోంచి జారి నేల మీద పడింది. కాళ్లు లాక్కుందామంటే రావడం లేదు. ఎవరో మోకాళ్ల వెనక కూర్చున్న బరువు. దెబ్బ పడినప్పుడల్లా నొప్పి పిక్కల్లోంచి, తొడల్లోంచి పాకి పుర్రెలో పగులుతోంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య కొంచెం వ్యవధి ఉంది. కొట్టేవాడికి ఆయాసం లేదు, కోపం లేదు. పొలం గట్టు వేసినట్టు ఒక పద్ధతి ప్రకారం పని చేసుకుపోతున్నాడు. ఆమె ఏడ్చిందో, అరిచిందో, అమ్మను పిలిచిందో ఆమెకే తెలియదు. ఫయాజ్ తీగ పీకేశాడు.

ఆమె చెత్తబుట్టలోకి వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని, "మూడో రోజు పెట్టు" అంది.

"మీకేమన్న పిచ్చా మేడం?"

"వాడు మొత్తం మోసిండు. నేను ఇంకొక్క రోజు మొయ్యలేనా? పెట్టు."

మూడో రోజు కూడా అదే అన్నం, అవే కట్లు, అవే దెబ్బలు. కానీ నడుమ ఒకచోట దెబ్బలు ఆగాయి. ఆగిన వెంటనే గుండె ఒక్కసారి ఎగిసింది. భయంతో కాదు. ఒళ్లంతా వెచ్చబడింది, కాళ్ల మంట మాయమైంది, గొంతులోకి ఒక పిలుపు తన్నుకొచ్చింది. పండగనాడు పిల్లలకుండే సంతోషం అది. స్వరూప ఏడుస్తూనే ఆ సంతోషంలో మునిగిపోయింది. ఏం చూశాడు వీడు? ఏం విన్నాడు?

అప్పుడు గుర్తొచ్చింది. మూడో రోజు తాను పచ్చతోరణం గేటు దాకా వెళ్లింది. సకినాల డబ్బా వాచ్‌మన్‌కు ఇచ్చి, "మా ఓదెలుకు ఇయ్యి, అక్క తెచ్చిందని చెప్పు" అని గట్టిగానే అంది. లోపలికి రమ్మని వాచ్‌మన్ మొహమాటపడితే, నిబంధన నిబంధనే అని వెనక్కి తిరిగింది. నిబంధన రాసినదాన్ని నేనే తప్పితే ఎట్లా అని దారి పొడుగునా తన నిజాయితీకి తానే మురిసింది.

వాడు విన్నాడు. అక్క వచ్చిందనుకున్నాడు. ఆ సంతోషం కాసేపు అలాగే ఎదురుచూసింది. తర్వాత నెమ్మదిగా చల్లారింది. చల్లారాక దెబ్బలు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి ఇంకా గట్టిగా. వాటికి ఒళ్లు ఎదురు తిరగలేదు. స్వరూపను ఆ దెబ్బల కన్నా ఆ ఎదురు తిరగకపోవడమే చంపేసింది.

సాయంత్రం దాకా ఇద్దరూ మిగతావాళ్ల మొదటి వారాలు కూడా తెరిచారు. ఇరవై మందివీ అలాగే ఉన్నాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. స్వరూప ఎంతో తెలివిగా కొలత కనిపెడితే, రాజలింగం అంతకన్నా తెలివిగా దాని మూలం పట్టుకున్నాడు. మొదటి వారం నరకం చూపిస్తే చాలు, ఆ తర్వాత గోడకు తల కొట్టుకునే రోజు కూడా స్వర్గం లెక్కలోకే వస్తుంది.

ఫయాజ్ ఏమీ అడగకుండానే ఇంకో నిలయం అలలు తీశాడు. జనగామ దగ్గర భార్యాభర్తలిద్దరు నడిపిన ఇల్లు అది. కొత్తగా వచ్చినవాళ్లను మొదటి వారం ఊరేగింపుగా తిప్పి, పాటలు పెట్టి, ఇష్టమైనవి వండిపెట్టేవాళ్లు. వాళ్ల తొలితూకమే అంత సుఖంగా ఉంటే ఆ తర్వాత అంకె ఎక్కడికి పెరుగుతుంది? తగ్గింది. ఆ ఇంటిని మూసెయ్యమన్న కాగితం మీద సంతకం స్వరూపదే. అక్కడి మనుషులను తీసుకెళ్లి చేర్చింది పచ్చతోరణంలోనే.

"పోలీసులకు పోదాం" అన్నాడు ఫయాజ్.

"ఏం చూపియ్యాలె? గీతలా? మచ్చ చూపియ్యమంటరు. రెండేండ్ల కిందటి దెబ్బకు అరికాళ్ల మీద ఏం మచ్చ ఉంటది? ఆ రాజలింగం వాని నోటితోని వాడు ఒప్పుకోవాలె." స్వరూప తొడుగును సంచిలో పెట్టింది. "ఒక్క నిమిషం వేస్తే ఒప్పుకుంటడు. నువ్వు ఫోన్‌ల వీడియో తియ్యి. తమ్మున్ని బండి ఎక్కిచ్చుకొని నేరుగ ఠాణాకే పోదాం. వాన్ని ఇంక ఒక్క పూట కూడ అక్కడ ఉంచ."

ఫయాజ్‌కు అది నచ్చలేదు. అయినా ఆమె అరికాళ్లు నేలకు ఆనించకుండా నడవడం చూసి సరేనన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలు అయ్యే వేళకు వాళ్లు పచ్చతోరణం చేరారు. వ్యాను గుమ్మం ముందే ఆపి, తలుపు తెరిచే ఉంచారు. పెద్ద హాల్లో చాపల మీద ఇరవై మందీ కూర్చుని ఉన్నారు. నుదుటికి కట్టుతో ఓదెలు కిటికీ పక్కన ఉన్నాడు. అక్కను చూసి నవ్వలేదు, భయపడనూ లేదు.

"మొదటి స్థానం వచ్చింది గదా సార్" అంది స్వరూప రాజలింగంతో. "మీ వాళ్ల నెమ్మది ఎట్లుంటదో మీరే ఈ తొడుగు వేసుకొని చెప్తుంటే వీడియో తీస్తం. పై అధికారులకు చూపియ్యాలె."

శాలువా కప్పుతామంటే వద్దనే నిర్వాహకుడు భూమ్మీద లేడు. రాజలింగం జుట్టు దువ్వుకుని వచ్చాడు. చొక్కా వేసుకున్నాడు, గ్లౌజులు వేసుకున్నాడు. మేజోళ్లు తొడగడానికి స్వరూపే అతని కాళ్ల దగ్గర కూర్చుంది. "అయ్యో మేడం, మీరెందుకు" అని మురిసిపోయాడు కూడా. ఫయాజ్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు. తొడుగును నడిపే పెట్టె స్వరూప చేతిలో ఉంది.

ఆమె రెండో రోజు మధ్యాహ్నాన్ని పెట్టింది.

రాజలింగం మొదటి దెబ్బకు గంతేశాడు. రెండోదానికి కింద పడ్డాడు. మూడోదానికి అతని నోట్లోంచి వచ్చిన కేక విని ఆయమ్మ చేతిలోని పళ్లెం జారింది. స్వరూప నిమిషం చూసి ఆపింది. నిజంగానే ఆపింది.

"ఎవలు కొట్టిండ్రు?" అని అడిగింది.

రాజలింగం మొహం చెమటతో తడిసిపోయింది. తన ఒంటి మీద పడింది ఏమిటో అతనికి తెలుసు. ఎలా వెయ్యాలో తెలిసినవాడికి ఎలా పడుతుందో అప్పుడే తెలిసింది. "నేనే... నేనే కొట్టిన మేడం. పనోళ్ల మీద వదిలేస్తే మచ్చలు పడ్తయి." అతను ఊపిరి పీల్చుకుని మోచేతుల మీద లేచాడు. లేచేసరికి ఆ మెత్తటి గొంతు మళ్లీ తిరిగొచ్చింది. "కని ఒక్క వారమే. తర్వాత ఎన్నడన్న చెయ్యేసిన్నా? మీ మిషన్‌నే అడుగుండ్రి. వేరేకాడ ఏడాది పొడుగూత కొడ్తరు, మీరు వాళ్లకు మార్కులేస్తరు. నేను ఒక్క వారంల కత ఖతం చేసిన. వీళ్లకు అన్నం పెడ్తున్న, బట్టలిస్తున్న. పర్మిషన్ పోతే వీళ్లు రోడ్డు మీదనే గదా పడేది?"

"అయింది మేడం" అన్నాడు ఫయాజ్ ఫోను దించుతూ. "ఒప్పుకున్నడు. పోదాం పాండ్రి."

కావలసింది దొరికింది. స్వరూప పెట్టె పక్కన పెట్టి తమ్ముడి చెయ్యి పట్టుకుని నడిస్తే అక్కడితో అయిపోయేది. రాజలింగం కూడా నోరు మూసుకుంటే అయిపోయేది. కానీ మాటకారితనం ఒక జబ్బు, దెబ్బలతో పోయేది కాదు.

"మూడో రోజు మీరు గేటు కాడికి రాలే? వాడు మీ గొంతు విని ఎంత కొట్టుకులాడిండో నాకు ఎర్క. ఒక్క అడుగు లోపటికేస్తే చూస్తుంటిరి. మీరే మళ్లిపోతిరి గదా మేడం."

స్వరూప పెట్టె మీద నొప్పిని పెంచే మరను చివరిదాకా తిప్పింది.

ఈసారి రాజలింగం కేక మనిషి కేకలా లేదు. వెన్ను విల్లులా వంగింది, తల నేలకు టపటప కొట్టుకుంది, నాలుక కొరుక్కుంటే గడ్డం మీదికి నెత్తురు కారింది. మేజోళ్లలోని కాళ్లు వాటంతట అవే ఎగిరెగిరి పడుతున్నాయి. చొక్కా గుండీలు తెగాయి. "ఆపుండ్రి మేడం! గుండె ఆగిపోతది!" అని ఫయాజ్ పెట్టె మీదికి ఉరికాడు. స్వరూప మోచేత్తో అతని మెడ కింద పొడిచింది. అతను మళ్లీ వచ్చాడు, మళ్లీ పొడిచింది. ఉన్నమాట చెప్పాలంటే ఆమెకు అది హాయిగా ఉంది. రెండేళ్ల పాపం ఆ మనిషి నోట్లోంచి నెత్తురుగా పోతున్నట్టు, తన కాళ్ల మంట చల్లారుతున్నట్టు ఉంది. ఇంకా కావాలనిపించింది.

అప్పుడు హాల్లో ఏదో కదిలింది. చాపల మీద ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు బోర్లా పడుకుంటున్నారు. ఎవరూ పడుకోమనలేదు. నుదురు నేలకు ఆనించి, మోకాళ్లు మడిచి, అరికాళ్లు పైకి పెట్టారు. ముసలివాళ్లు, పడుచువాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు అందరూ స్వరూప వైపే కాళ్లు పెట్టి, తమ వంతు కోసం కదలకుండా ఉన్నారు. ఒకామె పాదం వంకర. అది సరిగ్గా నిలవక పడిపోతుంటే చేత్తో ఎత్తి పట్టుకుంది.

ఓదెలు మాత్రం పడుకోలేదు.

అతను కిటికీ దగ్గర నుంచి మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు. పాదాల వరుసల మధ్య నుంచి దారి చేసుకుని, కొట్టుకుంటున్న రాజలింగం కాళ్ల దగ్గరికి చేరాడు. ఎగిరిన మడమ ఒకటి అతని నుదుటి కట్టుకు తగిలి మళ్లీ నెత్తురొచ్చింది. అయినా వెనక్కి పోలేదు. రాజలింగం రెండు పాదాలనూ ఒడిలోకి లాక్కుని, రెండు అరిచేతులతో రెండు అరికాళ్లనూ కప్పాడు. అంతకన్నా ఎక్కువ ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు? నొప్పి ఎక్కడ పడుతుందో ఆ ఇంట్లో అతనికంటే తెలిసినవారు లేరు. తనకు ఆ వారమంతా ఎవరూ అడ్డం పెట్టని చేతులు అవి.

తల ఎత్తి స్వరూపను చూశాడు. "అక్కా, వద్దు" అన్నాడు.

స్వరూప వేళ్లు వాటంతట అవే మర వదిలేశాయి. ఫయాజ్ పెట్టె లాక్కుని తీగలు తెంపేశాడు. రాజలింగం కేక మూలుగులోకి దిగింది. పడుకున్నవాళ్లు ఎవరూ లేవలేదు.

"తమ్మీ" అంది స్వరూప. "ఓదెలూ, అయిపోయింది రా. ఇంటికి పోదాం. బండి తెచ్చిన, చూడు."

ఓదెలు వ్యాను వైపు చూడలేదు. ఆమె ముఖం వైపు కూడా చూడలేదు. ఆమె చేతుల్నే చూస్తున్నాడు.

స్వరూప దగ్గరికి వెళ్లి, లేపడానికి చెయ్యి చాపింది. చెయ్యి చాపడం చూసి ఓదెలు భుజాలు ముడుచుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ కోసం అలాగే ఎదురుచూస్తూ కూర్చున్నాడు గాని, రాజలింగం పాదాల మీద నుంచి చేతులు మాత్రం తియ్యలేదు.